కళ్లకు కొండంత, ఫొటోలో గోరంత: ఫోకల్ లెంగ్త్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఫోకల్ లెంగ్త్ చుట్టూనే తిరిగాయి. లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె అదే; అది పెరిగినకొద్దీ లెన్సు చూసే కోణం తగ్గుతుంది. ఒకేలాంటివాటిని కలిపి ఒక్క ప్రశ్నగా వేశాం. వేరుగా చెప్పనిచోట ఎంఎం అంకెలన్నీ ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు, అంటే 36 × 24 మిల్లీమీటర్ల సెన్సర్ ఉన్నదానికి వర్తిస్తాయి. అంతకంటే చిన్న సెన్సర్, అంటే క్రాప్ సెన్సర్ లెక్క రెండో ప్రశ్నలో ఉంది.

ప్ర: ల్యాండ్‌స్కేప్‌ల కోసమని 16–35 ఎంఎం లెన్సు తీసుకున్నాను. కళ్లెదుట ఆకాశాన్నంటుతున్న కొండ ఫొటోలోకి వచ్చేసరికి చిన్న గుట్టలా కనబడుతోంది. ముందున్న గడ్డీ రాళ్లూ మాత్రం ఫ్రేమంతా ఆక్రమిస్తున్నాయి. లోపం లెన్సుదా, నాదా?

జ: రెండిటిదీ కాదు, మీరు నిలబడిన చోటుది. దగ్గరి వస్తువు ఎంత పెద్దగా కనబడాలి, దూరపుది ఎంత చిన్నగా కనబడాలి అన్నది కెమెరాకు వాటికి ఉన్న దూరాలే నిర్ణయిస్తాయి. ఫోకల్ లెంగ్త్ చేసేది, ఆ దృశ్యంలోంచి ఎంత ముక్క కోసుకోవాలో చెప్పడం. అంతవరకే.

అంకెల్లో చూద్దాం. మీ ముందు 5 మీటర్ల దూరంలో ఒక పొద, 500 మీటర్ల దూరంలో కొండ ఉన్నాయనుకోండి. 24 ఎంఎంతో ఒక ఫొటో తీశారు. ఇప్పుడు 45 మీటర్లు వెనక్కి నడవండి. పొద 50 మీటర్ల దూరమైంది, అంటే పది రెట్లు దూరం. కొండ 545 మీటర్లయింది, అంటే దాని దూరం తొమ్మిది శాతమే పెరిగింది. ఇక్కడి నుంచి 240 ఎంఎంతో తీస్తే పొద మొదటి ఫొటోలో ఉన్నంతే ఉంటుంది. కొండ మాత్రం మొదటిదానికంటే తొమ్మిది రెట్లకు పైగా పెరిగి పొద వెనకే గోడలా లేస్తుంది. ‘టెలిఫొటో (ఎక్కువ ఎంఎంల లెన్సు) దూరాల్ని దగ్గరకు నొక్కేస్తుంది’ అని అందరూ అనేది దీన్నే. నిజానికి నొక్కింది మీ నడక. నమ్మకం కుదరకపోతే అక్కడే నిలబడి 24తోనే ఇంకో ఫొటో తీసి, మధ్యలో పదోవంతు వెడల్పు ముక్క కోసి చూడండి. మసకగా ఉంటుందే తప్ప, పొదకూ కొండకూ ఉన్న నిష్పత్తి 240 ఎంఎం ఫొటోలో ఉన్నట్టే ఉంటుంది.

కాబట్టి ఆచరణలో ముందు చోటు, తర్వాత లెన్సు. కొండే ముఖ్యమైతే ముందున్న చెట్టుకో బండకో దూరంగా జరిగి 70 నుంచి 200 మధ్య తీయండి. ముందున్న బండ మీది నాచే ముఖ్యం, కొండ వెనక జాడగా ఉంటే చాలనుకుంటే 16–20తో బండకు మోకాలి దూరంలోకి వెళ్లండి. ఈ రెండిటికీ మధ్య, అంటే వైడ్ లెన్సు (తక్కువ ఎంఎంలది) పెట్టుకుని అన్నిటికీ దూరంగా నిలబడి తీసే ఫొటోలే నూటికి తొంభై చప్పగా వస్తాయి. ముందేమీ ఉండదు, వెనకదేమో చీమంత.

వెనక్కి నడిచే వీలు లేకపోతే, పక్కన లోయ ఉందనుకుందాం, పనోరమా, అంటే పక్కపక్కన తీసిన ఫ్రేముల్ని ఒకటిగా కలపడం, ఒక దారి. ఇది కొండను ముందున్న వాటితో పోల్చి పెంచదు. అక్కర్లేని ఆకాశాన్నీ నేలనీ వదిలేసి కొండ వరసను పెద్దగా నింపుతుంది. 50 ఎంఎంతో కెమెరా నిలువుగా పట్టుకుంటే ఒక్కో ఫ్రేము వెడల్పు సుమారు 27 డిగ్రీలు. మూడోవంతు ఒకదానిమీదొకటి వచ్చేలా ఐదు ఫ్రేములు తీస్తే దాదాపు 100 డిగ్రీలు చేతికొస్తాయి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో పెట్టడం మరవకండి. ఒక్కటి ఆటోలో ఉన్నా అతుకులు బయటపడవచ్చు.

ప్ర: నా కెమెరా 1.5 క్రాప్ సెన్సర్. నా 300 ఎంఎం లెన్సు నిజంగా 450 అయినట్టేనా?

జ: కనబడే కోణం వరకు అయినట్టే. లెన్సు మాత్రం 300గానే ఉంటుంది. అది సెన్సర్ మీద వేసే బొమ్మ సైజు ఏ కెమెరాకైనా ఒకటే. చిన్న సెన్సర్ ఆ బొమ్మలో తక్కువ భాగాన్ని పట్టుకుంటుంది, మీరు దాన్ని అదే స్క్రీన్ మీద చూస్తారు కాబట్టి పెద్దగా అనిపిస్తుంది. కెనాన్ క్రాప్ కెమెరాల్లో ఈ లెక్క 1.6, ఇంకా చిన్న సెన్సర్లుండే మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 2.

లాభం అసలు ఉండదని కాదు. అది పిక్సెళ్ల సాంద్రత మీద ఆధారపడుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌లో వెడల్పు 6000 పిక్సెళ్లు 36 మిల్లీమీటర్లలో పరుచుకుంటాయి. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్‌లో అవే 6000 పిక్సెళ్లు సుమారు 23.5 మిల్లీమీటర్లలో ఇరుక్కుంటాయి. సెన్సర్ మీద 6 మిల్లీమీటర్ల పిట్ట బొమ్మ పడితే మొదటిదాంట్లో 1000 పిక్సెళ్లు, రెండోదాంట్లో 1500 పిక్సెళ్లు దక్కుతాయి. దూరపు పిట్టలకు ఇది అసలైన లాభమే. అదే 45 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో తీసి 1.5 కోత కోస్తే దాదాపు 20 మెగాపిక్సెళ్లు మిగులుతాయి కనుక తేడా చాలావరకు పోతుంది.

చెయ్యి వణుకు లెక్కకు మాత్రం 450 అనే అనుకోండి. బొమ్మతోపాటు వణుకు కూడా పెద్దదవుతుంది.

ప్ర: పక్షుల ఫొటోలకు కనీసం ఎన్ని ఎంఎం ఉండాలి? 70–300తో తీస్తే పిట్ట చుక్కలా వస్తోంది. 150–600 తీసుకున్న మిత్రుడి ఫొటోల్లో పిట్ట పెద్దగానే ఉంది కానీ నా 300 అంత పదునుగా లేదు. ఎందుకు?

జ: మొదటి భాగానికి గుణకారం, భాగహారం చాలు. సెన్సర్ మీద బొమ్మ పొడవు దాదాపుగా ఫోకల్ లెంగ్త్‌ను దూరంతో భాగించి పిట్ట పొడవుతో గుణిస్తే వస్తుంది. పిచ్చుకంత పిట్ట, 15 సెంటీమీటర్లు, 10 మీటర్ల దూరంలో ఉంది. 300 ఎంఎంతో 4.5 మిల్లీమీటర్లు, 400తో 6, 600తో 9. ఫ్రేము వెడల్పు 36 కాబట్టి 300లో ఎనిమిదోవంతు, 600లో నాలుగోవంతు. 600తో కూడా పిట్ట ఫ్రేములో పావు భాగమే అన్నది చాలామంది లెన్సు కొన్నాక గమనించే సంగతి. అదే 300తో 5 మీటర్లకు చేరగలిగితే ఫలితం 600తో 10 మీటర్ల నుంచి తీసినట్టే. పిట్ట వచ్చి వాలే కొమ్మను ముందే కనిపెట్టి, కదలకుండా కూర్చోవడం వందల ఎంఎంల విలువ చేస్తుంది. గూటి దగ్గర మాత్రం ఈ సూత్రం వద్దు. మీ రాకకు పిట్ట అరుపు మారినా, గూటికి రాకుండా చుట్టూ తిరుగుతున్నా వెనక్కి వచ్చేయండి. అక్కడ పొడవాటి లెన్సు అవసరం పెద్ద బొమ్మ కోసం కాదు, దూరంగా ఉండటం కోసం.

ఇక పదును సంగతి. మీ మిత్రుడి లెన్సు బాగానే ఉండి ఉంటుంది. 600 దగ్గర తప్పులన్నీ 300తో పోలిస్తే రెట్టింపు పెద్దగా కనబడతాయి. ఏ తప్పో పట్టుకోవడానికి ఫొటోను వందశాతం పెద్దది చేసి చూడండి.

పిట్ట అంచులన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే చేతి వణుకు. షటర్ స్పీడు కనీసం ఒకటి బై ఫోకల్ లెంగ్త్ ఉండాలన్నది పాత లెక్క, అంటే 600కి 1/600. నేటి కెమెరాల పిక్సెళ్లకు 1/1000 పెట్టుకోవడం మేలు. లెన్సులోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకునే ఆపుతుంది, పిట్ట తల తిప్పడాన్ని ఆపదు. ఎగిరే పిట్టకు 1/2000, చిన్నవాటికి 1/3200. ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600కి, 3200కి పోయిందని బెంగపడకండి. గరుకును తర్వాత తగ్గించుకోవచ్చు. అలుక్కుపోయిన కన్నును ఎవరూ బాగుచేయలేరు.

పిట్ట మసకగా ఉండి, దాని ముందో వెనకో ఉన్న కొమ్మ పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. ఎఫ్ అంకె లెన్సు కంత ఎంత తెరుచుకుందో చెబుతుంది, అంకె పెరిగితే కంత చిన్నదవుతుంది. 10 మీటర్ల దూరంలో 400 ఎంఎం, ఎఫ్/5.6తో పదునుగా ఉండే లోతు సుమారు 21 సెంటీమీటర్లు. 600 ఎంఎం, ఎఫ్/6.3తో 10 సెంటీమీటర్లే. దూరం సగమైతే ఆ లోతు నాలుగోవంతుకు పడిపోతుంది. రెక్క మీద పడిన ఫోకస్ కంటికి చాలదు. ఒక్క ఫోకస్ పాయింటును కన్ను మీద పెట్టండి, లేదా పక్షి కన్నును గుర్తుపట్టే సదుపాయం ఉంటే వాడండి.

మూడోది ఎవరూ అనుమానించనిది, వేడిగాలి. అంచులు నీళ్లలో కదిలినట్టు వంకర్లు తిరిగి, ఎక్కడా ఏదీ పదునుగా లేకపోతే అదే. ఒకే పిట్టను పది ఫ్రేములు వరసగా తీయండి. ఒకటి రెండు పదునుగా, మిగిలినవి ముద్దగా వస్తే ఇక సందేహం లేదు. ఎండెక్కాక ఇసుక, బండ, తారు రోడ్డు మీదుగా 50 మీటర్ల అవతలికి తీసే ఫొటోను ఏ లెన్సూ కాపాడలేదు. చల్లటి కారులోంచి కిటికీ దించి తీసినా, లోపలి గాలీ బయటి గాలీ కలిసే చోట ఇదే తంటా. పొద్దెక్కకముందే తీయడం, దగ్గరగా తీయడం తప్ప మందు లేదు. మిత్రుడి ఫొటోల టైము చూడండి. పదకొండు దాటాక తీసినవైతే లెన్సును నిందించకండి.

ప్ర: పక్షుల ఫొటోల్లో బ్యాక్‌గ్రౌండ్ ఒకే రంగులో మెత్తగా రావాలంటే ఎఫ్/2.8 లెన్సే కావాలా?

జ: అక్కర్లేదు. ఎఫ్/2.8 కంటే మీ కాళ్లు ఎక్కువ పనిచేస్తాయి. 400 ఎంఎం లెన్సు 30 మీటర్ల దూరంలో చూసే బ్యాక్‌గ్రౌండ్ వెడల్పు 2.7 మీటర్లు మాత్రమే. 100 ఎంఎం అయితే దాదాపు 11 మీటర్లు. అంటే పొడవాటి లెన్సుకు వెనక ఒక చిన్న పచ్చటి మాసిక దొరికితే చాలు. పిట్ట 10 మీటర్లలో, వెనక పొదలు 30 మీటర్లలో ఉన్నప్పుడు మీరు పక్కకు 60 సెంటీమీటర్లు, ఒక్క అడుగు వేసినంత, జరిగితే పిట్ట వెనక దృశ్యం 1.2 మీటర్లు జరుగుతుంది. ఫ్రేములో దాదాపు సగం. తెల్లగా మెరుస్తున్న ఆకాశపు కంతను తప్పించడానికి ఆ ఒక్క అడుగు సరిపోతుంది.

రెండోది ఎత్తు. నేల మీది పిట్టను నిలబడి తీస్తే దాని వెనక అడుగు దూరంలోనే మట్టి ఉంటుంది, అది మసకబారదు. పొట్టమీద పడుకుంటే బ్యాక్‌గ్రౌండ్ ముప్పై, నలభై మీటర్ల వెనక్కి పోతుంది. మోచేతులకు దెబ్బే కానీ ఎఫ్/6.3 లెన్సు ఒక్కసారిగా ఖరీదైనదానిలా ప్రవర్తిస్తుంది.

ప్ర: టెలికన్వర్టర్ తీసుకోవచ్చా? 1.4 మంచిదా, 2 మంచిదా?

జ: టెలికన్వర్టర్ లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించి ఎంఎంలను పెంచే గాజు. 1.4 ఒక స్టాప్ వెలుగు, అంటే సగం, తింటుంది, 2 రెండు స్టాపులు, అంటే ముప్పావు. 400 ఎంఎం ఎఫ్/5.6 కాస్తా 1.4తో 560 ఎఫ్/8, 2తో 800 ఎఫ్/11 అవుతుంది. లెన్సులోని చిన్న లోపాల్నీ అదే నిష్పత్తిలో పెంచుతుంది. పాత డీఎస్ఎల్ఆర్‌లు కొన్ని ఎఫ్/5.6 దాటితే, కొన్ని ఎఫ్/8 దాటితే ఆటోఫోకస్ చేయవు. ఎఫ్/2.8, ఎఫ్/4 ప్రైమ్ లెన్సు (జూము లేనిది) ఉంటే 1.4 నిశ్చింతగా వాడండి. ఎఫ్/6.3 జూముకు తగిలించే బదులు ఫొటోను కోసుకోవడమే నయం. కొనేముందు మీ లెన్సుకు అది బిగుస్తుందో లేదో కంపెనీ జాబితాలో చూసుకోండి. చాలా లెన్సుల వెనక గాజుకు తగులుతుంది.

ప్ర: ముందు పూలు, వెనక కొండలు రెండూ పదునుగా రావాలి. ఎఫ్/22 పెట్టినా మొత్తం మెత్తగా వస్తోంది. ఒకప్పటి మహామహులు ఎఫ్/64తో తీసేవారని చదివాను. మరి వాళ్లకెలా కుదిరింది?

జ: చక్కటి ప్రశ్న. 1932లో కాలిఫోర్నియాలో యాన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ వంటివాళ్లు కలిసి పెట్టుకున్న బృందం పేరే ‘గ్రూప్ ఎఫ్/64’. వాళ్లు వాడిన పెద్ద కెమెరాల్లో 8 × 10 అంగుళాల ఫిల్ము ఒకటి. మీ సెన్సర్ మూల నుంచి మూలకు 43 మిల్లీమీటర్లు. ఆ ఫిల్ము 325, అంటే ఏడున్నర రెట్లు. దానికి మామూలు లెన్సే 300 ఎంఎం. అక్కడి ఎఫ్/64, పదును లోతులోనూ సన్న కంతలోంచి వెలుగు చెదిరే నష్టంలోనూ మీ కెమెరాలో సుమారు ఎఫ్/9కి సమానం. ఫొటో పెద్దది చేసినప్పుడు ఆ ఫిల్మును మీ ఫైలంతగా సాగదీయక్కర్లేదు కదా. మీరు ఎఫ్/22 పెట్టడమంటే వాళ్లు ఎఫ్/160 పెట్టడం లాంటిది. ఆ కంతలో వెలుగు చెదిరి అంతా మెత్తబడుతుంది. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 దగ్గర ఆగండి. తప్పనిసరైతే ఎఫ్/16.

పదును లోతును నిర్ణయించేదాంట్లో ఫోకల్ లెంగ్త్ వాటా చాలా పెద్దది. ఎఫ్/11 దగ్గర, ఏ దూరంలో ఫోకస్ చేస్తే కనుచూపు మేర వరకూ పదును దొరుకుతుందో చూడండి: 16 ఎంఎంకి 0.8 మీటరు, 24కి 1.8, 35కి 3.7, 50కి 7.6, 100కి 30 మీటర్లు, 200కి 120 మీటర్లు దాటి. దగ్గరివైపు పదును ఆ దూరంలో సగం నుంచి మొదలవుతుంది. అంటే 24 ఎంఎంతో 1.8 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 90 సెంటీమీటర్ల నుంచి కొండల దాకా ఫరవాలేదు. ఇవి మామూలు సైజు ప్రింటుకు సరిపోయే లెక్కలు. గోడంత ప్రింటు వేస్తారనుకుంటే దూరపు కొండ కాస్త మెత్తగా అనిపిస్తుంది, ఫోకస్ ఇంకొంచెం దూరానికి జరపండి.

24 ఎంఎంతో పువ్వు 30 సెంటీమీటర్లలోనే ఉంటే ఏ ఎపర్చరూ (కంత సైజూ) ఆదుకోదు. ట్రైపాడ్ మీద ఎఫ్/8తో, పువ్వు దగ్గర మొదలుపెట్టి కొండ వరకు ఫోకస్ జరుపుతూ నాలుగైదు ఫ్రేములు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. రెండుచోట్ల దెబ్బతింటుంది. గాలికి పువ్వు ఊగితే రేకులకు రెండు అంచులు వస్తాయి, ఊపు ఆగే క్షణం కోసం కాచుకోండి. రెండోది, ఫోకస్ మార్చినకొద్దీ చాలా లెన్సుల్లో దృశ్యం కాస్త పెద్దదీ చిన్నదీ అవుతూ ఉంటుంది. అంచుల్లో పది శాతం ఖాళీ వదలకపోతే కలిపేటప్పుడు మీకు కావలసిన ఆకే తెగిపోతుంది.

వైడ్ లెన్సుతో పువ్వుకు 60 సెంటీమీటర్ల నుంచి 30కి జరిగితే పువ్వు రెట్టింపవుతుంది, కొండ కదలదు. ట్రైపాడ్ బిగించేముందు కెమెరా చేత్తో పట్టుకుని బెత్తెడు బెత్తెడు జరిపి చూసుకోండి.

ప్ర: పురుగులు, సీతాకోకచిలుకల కోసం మాక్రో లెన్సు తీసుకుందామంటే 60, 100, 180 ఎంఎంలు ఉన్నాయి. అన్నీ 1:1 అంటున్నారు. ఇక తేడా ఏముంది?

జ: 1:1 అంటే పురుగు ఎంతుందో సెన్సర్ మీద దాని బొమ్మా అంతే పడటం. తేడాలు రెండు. మొదటిది లెన్సు మూతికీ పురుగుకీ మధ్య మిగిలే ఖాళీ. 1:1 దగ్గర 60 ఎంఎంకి సుమారు 5 సెంటీమీటర్లు, 100కి 13 నుంచి 15, 180కి 24 దాకా ఉంటుంది. మోడల్‌ను బట్టి కొంచెం అటూఇటూ. 5 సెంటీమీటర్లంటే మీ నీడ పురుగు మీద పడుతుంది, తూనీగ ఎప్పుడో లేచిపోతుంది.

రెండోది బ్యాక్‌గ్రౌండ్. పురుగు ఒకే సైజులో, ఒకే ఎపర్చర్‌తో తీస్తే పదును లోతు మూడు లెన్సుల్లోనూ దాదాపు ఒకటే. 1:1 దగ్గర ఎఫ్/8తో ఒక్క మిల్లీమీటరు. పొడవాటి మాక్రో లోతును తగ్గిస్తుందన్న మాట ఇక్కడ నిలవదు. కానీ 180 వెనకున్న దృశ్యంలో సన్నటి ముక్కనే చూస్తుంది కాబట్టి వెనక గడ్డిపరకల గందరగోళం తగ్గి మెత్తటి రంగు వస్తుంది. 180 బరువెక్కువ, చేత్తో పట్టుకుని 1:1 తీయడం కష్టం. పువ్వులకు, నాచుకు 60 చాలు. కదిలే పురుగులకు 100 తీసుకోండి, చాలామందికి అదే చివరిదాకా సరిపోతుంది. 1:1 దగ్గర రెండు స్టాపుల వెలుగు పోతుందని గుర్తుంచుకోండి. ఎఫ్/8 అని పెట్టినా అది ఎఫ్/16లా పనిచేస్తుంది.

సీతాకోకచిలుక రెక్కలు విప్పితే 5 నుంచి 8 సెంటీమీటర్లు, దానికి 1:1 ఎందుకు? సగం చాలు. మీ దగ్గర 70–300 ఉంటే ముందు భాగంలో బిగించే +2 క్లోజప్ లెన్సు ఒకటి చూడండి. లెన్సు ఫోకస్‌ను అనంతం దగ్గర పెట్టి 50 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే 200 ఎంఎం దగ్గర 0.4 రెట్లు, 300 దగ్గర 0.6 రెట్లు వస్తుంది. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే గాజులేని గొట్టాలు) దీనికి తలకిందులు. 25 మిల్లీమీటర్ల ట్యూబు 50 ఎంఎం లెన్సుకు తగిలిస్తే సగం సైజు వస్తుంది, 200కి తగిలిస్తే ఎనిమిదోవంతే. పొట్టి లెన్సుకు ట్యూబు, పొడవు లెన్సుకు క్లోజప్ గాజు.

ప్ర: చెట్టు వెనక చెట్టంత చంద్రుడు ఉన్న ఫొటోలు అతికించినవేనా? నా 200తో చంద్రుడు బొట్టుబిళ్లంత వస్తున్నాడు.

జ: అతికించినవీ ఉంటాయి కానీ అతికించక్కర్లేదు. సెన్సర్ మీద చంద్రుడి సైజు ఫోకల్ లెంగ్త్‌లో సుమారు 110వ వంతు. 200తో 1.8 మిల్లీమీటర్లు, 600తో దాదాపు 5.5. చంద్రుణ్ని మీరు పెంచలేరు, చెట్టునే తగ్గించాలి. అదే 110 లెక్క ఇక్కడా పనికొస్తుంది. 10 మీటర్ల చెట్టు చంద్రుడంతే కనబడాలంటే దానికి 1100 మీటర్ల దూరంలో నిలబడాలి. 1.7 మీటర్ల మనిషైతే 187 మీటర్లు. ఈ నిష్పత్తి ఏ లెన్సుతోనైనా ఒకటే. 600 ఎంఎం ఉంటే రెండూ పెద్దగా వస్తాయి, 200 ఉంటే కోసుకోవాలి.

600 ఎంఎం, ఎఫ్/11 దగ్గర చెట్టు మీద ఫోకస్ చేస్తే చంద్రుడూ పదునులోకి వస్తాడు, ఎందుకంటే ఆ లెన్సుకు అనంతం దాకా పదును దొరికే ఫోకస్ దూరం కూడా సుమారు 1100 మీటర్లే. పౌర్ణమికి ముందురోజు చూడండి. ఆ సాయంత్రం సూర్యుడు మునగకముందే చంద్రుడు పైకొస్తాడు కాబట్టి చెట్టు మీద ఇంకా వెలుగుంటుంది, చంద్రుడు తెల్లటి ముద్దగా మిగలడు. ఎటు ఉదయిస్తాడో దిక్సూచితో ముందే చూసి, కుడికీ ఎడమకీ పరిగెత్తే జాగా ఉన్న చోటు ఎంచుకోండి. చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు. మొదటి ఫ్రేముకు ట్రైపాడ్ సర్దుకునేలోపు కొమ్మ దాటిపోయి ఉంటాడు.

ప్ర: అడవిలో వైడ్ లెన్సుతో తీస్తే చెట్లన్నీ లోపలికి వాలిపోతున్నాయి.

జ: కెమెరాను పైకి ఎత్తి తీస్తున్నారు. సెన్సర్ నేలకు నిటారుగా ఉంటే చెట్లు నిటారుగానే ఉంటాయి. కెమెరాలో లెవెల్ గీత ఆన్ చేసి, నిలువు ఫ్రేములో సమంగా పట్టుకుని, అడుగున వచ్చిన అదనపు నేలను తర్వాత కోసేయండి. కొంచెం వాలితే పొరపాటులా ఉంటుంది. వాలాలనుకుంటే తల పూర్తిగా ఎత్తి నడినెత్తికి గురిపెట్టండి, అప్పుడది ఉద్దేశంలా కనిపిస్తుంది. అడవి ఫొటోలకు 16 కంటే 50–100 నయమని మా అభిప్రాయం. వైడ్ లెన్సు ప్రతి ఎండుకొమ్మనీ లోపలికి పిలుస్తుంది.

ప్ర: పోలరైజర్ వేస్తే ఆకాశంలో ఒకచోట ముదురు నీలం మచ్చ పడుతోంది. ఫిల్టరు పాడైందా?

జ: లేదు. పోలరైజర్ మెరుపును తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టరు. దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల పక్కన గరిష్ఠం. 16 ఎంఎం అడ్డంగా దాదాపు 97 డిగ్రీలు చూస్తుంది కాబట్టి ప్రభావం ఉన్న ఆకాశం, లేని ఆకాశం రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. 35 ఎంఎం పైన వాడండి. వైడ్‌లో వాడాలంటే ఆకాశం లేని ఫ్రేముల్లో, తడి ఆకులు, వాగు రాళ్ల మీది మెరుపు తగ్గించడానికి వాడండి.

ప్ర: నక్షత్రాలకు 14 ఎంఎం ఎఫ్/2.8 మంచిదా, 24 ఎంఎం ఎఫ్/1.4 మంచిదా?

జ: ఆకాశం ఎక్కువ కావాలంటే 14, నక్షత్రాలు ఎక్కువ కావాలంటే 24. చుక్కల్లాంటి నక్షత్రాల వెలుగును పట్టేది కంత అసలు వ్యాసం. 24ను 1.4తో భాగిస్తే 17 మిల్లీమీటర్లు, 14ను 2.8తో భాగిస్తే 5. ఎఫ్ సంఖ్య ఒక్కటే చూస్తే ఈ తేడా బయటపడదు. షటర్ ఎంతసేపు తెరవాలన్నదానికి 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించమంటారు. 24కి 20 సెకన్లు, 14కి 35. క్రాప్ కెమెరాలో దాన్ని మళ్లీ 1.5తో భాగించాలి. ఈ సూత్రం ఫిల్ము కాలానికి సరిపోయింది. ఎక్కువ పిక్సెళ్లున్న కెమెరాలో 20 సెకన్లకు నక్షత్రాలు బియ్యపుగింజల్లా సాగుతాయి. 500 బదులు 300 వాడండి, 24కి 12 సెకన్లు.

ప్ర: నా ఫోనులో 5ఎక్స్ లెన్సు ఉంది, అంటే సుమారు 120 ఎంఎం. పగలు బాగుంటుంది, సాయంత్రం అదే 5ఎక్స్ పేలవంగా ఉంటుంది.

జ: వెలుగు తగ్గినప్పుడు, వస్తువు మరీ దగ్గరగా ఉన్నప్పుడు చాలా ఫోన్లు చెప్పకుండా పెద్ద సెన్సర్ ఉన్న ప్రధాన కెమెరాకు మారిపోయి, దాని బొమ్మను కోసి 5ఎక్స్ అని చూపిస్తాయి. తెర మీద 5ఎక్స్ ఉండగా టెలి లెన్సును వేలితో మూయండి. బొమ్మ మాయం కాకపోతే మీరు చూస్తున్నది కోసిన ముక్క. అలాంటప్పుడు 1ఎక్స్‌లోనే దగ్గరకు వెళ్లి తీయండి. లెన్సును బలవంతంగా ఎంచుకోనిచ్చే ప్రో మోడ్ ఉంటే ఫోనును రాయికి ఆనించి ప్రయత్నించవచ్చు.

ప్ర: 18–55, 55–250 రెండు కిట్ లెన్సులున్నాయి, క్రాప్ కెమెరా. ప్రకృతి ఫొటోలకు తర్వాత ఏది కొనాలి?

జ: మమ్మల్ని కాదు, మీ పాత ఫొటోల్ని అడగండి. ఏ ఫొటో సాఫ్ట్‌వేర్‌లోనైనా ఫోకల్ లెంగ్త్ వారీగా వడకట్టే వీలుంటుంది. మీకు నచ్చినవాటిని, కేవలం నచ్చినవాటినే, గత ఏడాదివి అలా వేరుచేయండి. 250 దగ్గర గుంపుగా ఉండి, వాటినీ మళ్లీ సగానికి కోసి ఉంటే 400 వైపు వెళ్లడంలో అర్థముంది. 18 దగ్గర గుంపుగా ఉంటే వెంటనే 10–18 వైపు పరిగెత్తకండి. జూము తిప్పకుండా వదిలేయడంవల్ల కూడా 18 దగ్గరే పోగుపడతాయి. 18–55 జూము రింగును 35 దగ్గర టేపు వేసి కట్టేసి రెండు ఉదయాలు అలాగే తీసి చూడండి. ఫ్రేములో పట్టడం లేదని విసుగొస్తే వైడ్ కొనండి. విసుగు రాకపోతే ఆ డబ్బు గట్టి ట్రైపాడ్‌కు పెట్టండి.